లెక్కలో లేని పదకొండు జీబీ

హైదరాబాద్,
ఆదివారం రాత్రి.

బావా,

ఇదంతా వాట్సాప్‌లో పెడితే నువ్వు సగం చదివి, బొటనవేలి బొమ్మ ఒకటి కొట్టి మిరప తోటకి వెళ్లిపోతావు. అందుకే కాగితం. కమాండ్లు కూడా మన అక్షరాల్లోనే రాస్తున్నాను. నైట్ షిఫ్టులో ఫోన్లో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం చూడు, "నెట్‌స్టాట్, స్పేస్, మైనస్, ఎమ్, ఎంటర్ కొట్టు" అని, అలా చదువుకో.

విషయం ముందే చెప్పేస్తాను. ఆ పదకొండు జీబీ దొరికింది.

ఆ రాత్రి నువ్వు మర్చిపోయి ఉండవు. ఉద్యోగం మానేసి ఊరెళ్లడానికి సరిగ్గా వారం ముందు. బ్రాంచీల నుంచి స్కాన్ కాగితాలు వచ్చి పడే అప్‌లోడ్ సర్వర్లు రెండున్నాయి కదా, అందులో మొదటిది. తెల్లవారుజామున రెండున్నరకి మెమరీ అయిపోయి ఊమ్ కిల్లర్ లేచి, తన మానాన తాను పనిచేసుకుంటున్న జావా ప్రాసెస్‌ని చంపేసింది. చంపేముందు కెర్నల్ లాగ్‌లో రాసిపెట్టే మెమరీ పంచనామా ప్రింటు తీసుకుని పాంట్రీలో కూర్చున్నాం. నువ్వు చదువుతుంటే నేను బిస్కెట్ ప్యాకెట్ అట్ట మీద కూడాను. ప్రాసెస్‌లన్నీ కలిపి 17 జీబీ. స్లాబ్, పేజీ టేబుళ్లు, షేర్డ్ మెమరీ, మిగిలిన ఖాళీ అంతా కలిపితే ఇంకో 3. మొత్తం 20. మెషీన్లో ఉన్నది 32, బూటయ్యేటప్పుడే పక్కన పెట్టేసేది పోగా చేతికొచ్చేది 31. మరి ఆ 11 ఏమైనట్టు? నాలుగింటిదాకా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ కూడాం. పొద్దున్నే ఎవరో "అప్లికేషన్ మెమరీ లీక్" అని రాసి టికెట్ మూసేశారు. మా దాంట్లో లీకేమీ లేదు మొర్రో అని డెవలపర్లు మొత్తుకున్నారు, వినే నాథుడు లేడు. నువ్వొక్కడివే "పద్దు కలవకుండానే పుస్తకం మూసేశారు బావా" అని గొణిగావు. తర్వాత వారానికి నువ్వు బస్సెక్కేశావు.

పోయిన నెల రెండో సర్వర్ వంతు వచ్చింది. ఈసారి రోగం తీరే వేరు. ఏ ప్రాసెసూ చావలేదు. హెల్త్ చెక్‌లు ఒకటొకటిగా టైమవుట్ అవుతున్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే ఒక అక్షరం కొట్టాక అది తెర మీద కనిపించేసరికి టీ తాగి రావచ్చు. ఇక లాభం లేదని కన్సోల్ నుంచి వెళ్లాను. సీపీయూ గోళ్లు గిల్లుకుంటోంది. ఫ్రీ కమాండ్ కొడితే 18 జీబీ అందుబాటులో ఉందంటోంది. డీమెసేజ్ చూస్తే ఒకటే పాట, స్క్రీన్ నిండా: టీసీపీ అవుట్ ఆఫ్ మెమరీ, టీసీపీ మెమ్ సరిచేసుకోండి. మనదగ్గర కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు, అమీర్‌పేటలో మనం నేర్చుకున్న సందులోనే నేర్చుకుని వచ్చాడు. వాడు నా భుజం మీంచి తొంగిచూసి, "సార్, పద్దెనిమిది జీబీ ఖాళీ పెట్టుకుని అవుట్ ఆఫ్ మెమరీ ఏంటి సార్?" అన్నాడు. అడగవలసిన ప్రశ్న అదే. నా దగ్గర జవాబు లేదు. అప్లికేషన్ రీస్టార్ట్ చేశాం, సర్దుకుంది, ఇంటికెళ్లి పడుకున్నాం.

నాలుగు రోజులకి మళ్లీ. ఈసారి రీస్టార్ట్ చెయ్యబోతున్న చేతిని ఆపాను. పది నిమిషాలు, పదే పది నిమిషాలు నాకివ్వండి, రోగం ఒంట్లో ఉన్నప్పుడే నాడి చూడాలి అన్నాను. బ్రిడ్జ్ కాల్‌లో అరడజను మంది నిట్టూర్చడం వినిపించింది. ప్రాక్ కింద నెట్, దాని కింద సాక్‌స్టాట్. ఆ ఫైల్ నువ్వూ నేనూ వందసార్లు తెరిచి ఉంటాం, ఎన్ని సాకెట్లు ఉన్నాయో, టైమ్‌వెయిట్‌లో ఎన్ని ఉన్నాయో చూసి మూసేసేవాళ్లం. టీసీపీ వరుసలో చిట్టచివర ఒక మాట ఉంటుంది చూడు, మెమ్ అని. దాని పక్కన 766101.

మా మేనేజర్ మేడమ్ కాల్‌లోనే ఉన్నారు. చదివి వినిపించాను. ఆవిడ చురుకైన మనిషి, నోటిలెక్కలో దిట్ట. "ఏడు లక్షల అరవై ఆరు వేల కేబీ అంటే 748 ఎంబీ. 32 జీబీలో అది ఏ మూలకి? వదిలేసి రీస్టార్ట్ చెయ్యండి" అన్నారు. నేనూ తలూపాను బావా. పదిహేనేళ్ల సర్వీసు నాది, సిగ్గు లేకుండా తలూపాను. ఎందుకంటే ఆ అంకె పక్కన కేబీ అని లేదు, బైట్లు అని లేదు, ఏమీ లేదు. యూనిట్ రాయని అంకెని ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు.

అది కేబీ కాదు. పేజీలు. మన మెషీన్ల మీద పేజీ అంటే 4096 బైట్లు. 766101ని 4096తో పెంచి చూడు, 2.92 జీబీ. 748 ఎంబీకి నాలుగు రెట్లు. ఇంకో తమాషా చెప్పనా? అదే ఫైల్లో నాలుగు వరుసల కింద ఫ్రాగ్ అని ఉంటుంది, ముక్కలైన ప్యాకెట్ల లెక్క. దాని పక్కనా మెమరీ అనే ఉంటుంది. అక్కడి అంకె మాత్రం బైట్లలో! ఒకే కాగితం మీద పై పద్దు బస్తాల్లో, కింది పద్దు కిలోల్లో రాసి, ఏది ఏమిటో చెప్పని గుమాస్తాని మీ ఊరి మిల్లులో ఒక్కరోజైనా ఉంచుకుంటారా?

సరే, 2.92 జీబీ అనే అనుకుందాం. దానికీ ఇంత గోల ఎందుకు, 18 ఖాళీగా ఉంది కదా? జవాబు ఇంకో ఫైల్లో ఉంది, వేరే ఊళ్లో ఉన్నట్టు: ప్రాక్, సిస్, నెట్, ఐపీవీఫోర్, టీసీపీ మెమ్. అందులో మూడంకెలు. ఆ మెషీన్లో 383112, 510816, 766224. మూడో అంకెనీ, ఇందాకటి 766101నీ పక్కపక్కన పెట్టి చూడు. తేడా నూట ఇరవై మూడు పేజీలు, అర ఎంబీ కూడా లేదు.

ఈ మూడంకెలూ వేరేవాళ్లకి చెప్పడానికి నాకు అరగంట పడుతుంది. నీకు ఒక్క ముక్కలో చెబుతాను: 43, 48, 53.

భద్రాచలంలో పుట్టినవాడికి ఇంతకన్నా ఏం చెప్పాలి? 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు నువ్వు ఇక్కడ, నా పక్క కుర్చీలో ఉన్నావు. వరద మొదలైన రోజు మీ అమ్మగారి ఫోన్. "నలభై ఆరుందిరా" అన్నారు. ఆ ఒక్కమాట వినగానే నువ్వు "మొదటి హెచ్చరిక దాటింది, రెండోదానికి రెండడుగులు" అన్నావు, ఎవరితోనో కాదు, నీలో నువ్వే. రాత్రంతా అంతే. ఆవిడ అంకె చెప్పడం, నువ్వు గీతకి ఎంత దూరమో చెప్పడం. 1986 ఆగస్టులో 75.6 వచ్చిందని కూడా చెప్పి, ఈసారి అంత రాదులే అని ధైర్యం తెచ్చుకున్నావు. నీళ్లెన్ని క్యూసెక్కులో, నదిలో ఎన్ని టీఎంసీలో ఎవరూ అడగలేదు. ఆటోవాడికీ, కొబ్బరికాయలమ్మే ఆవిడకీ, గుడి పూజారికీ అందరికీ ఒకటే భాష: అడుగులు ఇన్ని, గీత అక్కడ.

టీసీపీ మెమ్ అచ్చం అదే. మొదటి గీత కింద ఉన్నంతసేపు కెర్నల్ టీసీపీ ఎంత వాడుతోందో పట్టించుకోదు. రెండోది దాటితే మెమరీ ప్రెషర్ అంటుంది, సాకెట్ల బఫర్లు పెరగనివ్వదు, వరస తప్పి వచ్చిన ప్యాకెట్లని పారేస్తుంది, ఉన్నవాటిని కుదించి సర్దుతుంది. మళ్లీ మొదటి గీత కిందికి దిగేదాకా ఆ బిగింపు వదలదు. మూడో గీత దగ్గర తలుపు మూసేస్తుంది. ఆ తలుపు ఊరంతటికీ ఒక్కటే. తప్పు చేసింది ఒక ప్రోగ్రామే అయినా హెల్త్ చెక్‌కీ, నా ఎస్‌ఎస్‌హెచ్‌కీ, కంటైనర్లలో ఉన్నవాళ్లకీ అందరికీ అదే తలుపు. ఈ గీతలు ఎవరూ గీయకపోతే కెర్నల్ బూటయ్యేటప్పుడు తనే గీసుకుంటుంది, అప్పటికి చేతిలో ఉన్న మెమరీలో 4.68, 6.25, 9.37 శాతాల దగ్గర. 32 జీబీ మెషీనుకి మూడోది దాదాపు 3 జీబీ. తక్కిన ర్యామ్ ఎంత ఖాళీగా ఉన్నా టీసీపీకి అందులో వాటా లేదు. కుర్రాడి ప్రశ్నకి జవాబు ఇదే.

ఇక పట్టుకున్నదెవరు? ఎస్‌ఎస్ కమాండుకి మైనస్ టీ, ఎమ్, పీ కలిపి కొడితే ప్రతి సాకెట్ కిందా ఎస్‌కేమెమ్ అని బ్రాకెట్లో ఓ చిట్టా వస్తుంది. అందులో ఆర్ అంటే వచ్చి పడి ఇంకా ఎవరూ తీసుకోని సరుకు పట్టిన మెమరీ, ఆర్‌బీ అంటే దాని గది కొలత. పెద్దవాటిని పైకి తెచ్చి చూశాను. 490 చిల్లర సాకెట్లు, ఒక్కొక్కటీ 6 ఎంబీ చొప్పున గొంతుదాకా నిండి ఉన్నాయి. అన్నీ ఆ అప్‌లోడ్ జావావే. వెనక స్టోరేజ్ బిగుసుకుపోతే మన ప్రోగ్రాం రాయలేక ఆగిపోతోంది, ఆగితే సాకెట్ నుంచి చదవడం మానేస్తోంది. అంతకుముందు చకచకా చదువుతోంది కదా అని కెర్నల్ ఆ బఫర్లని 6 ఎంబీ దాకా పెంచి పెట్టింది. ఇప్పుడు చదివేవాడు లేడు, పంపేవాడు పంపుతున్నాడు. లారీలు వచ్చి దింపుతున్నాయి, గోడౌన్ తాళం తియ్యడానికి మనిషి లేడు. ఐదు వందల లారీలు చాలు ఊరి రోడ్డంతా బిగుసుకుపోవడానికి.

ఇక్కడ నువ్వు ఒక మెలిక అడుగుతావు, నాకు తెలుసు. ఎస్‌ఎస్ చూపించే రిసీవ్ క్యూ అంకెలు కూడితే అంత రాదేమిటని. రాదు. ఆ క్యూలో ఉన్నది సరుకు తూకం. ఆర్‌లో ఉన్నది గోనెసంచితో సహా తూకం. కెర్నల్ దాన్ని ట్రూసైజ్ అంటుంది. వంద బైట్ల సందేశమైనా అది కూర్చున్న బఫర్ 2 కేబీ అయితే ఖాతాలో పడేది ఆ 2 కేబీ, దాని మీద ప్యాకెట్‌ని పట్టుకుతిరిగే ఎస్‌కేబఫ్ అనే చిట్టీ బరువు కూడా. కొనుగోలు కేంద్రంలో సంచి బరువుకని మీ దగ్గర తరుగు కోస్తారు కదా, ఇక్కడ తరుగు లేదు, సంచి బరువు కూడా రైతు ఖాతాకే. అందుకే ప్రోగ్రాం తనకి 64 కేబీ గది కావాలని అడిగితే కెర్నల్ నోరెత్తకుండా 128 రాసుకుంటుంది. సంచుల సంగతి నీకేం తెలుసు, నేను చూసుకుంటాలే అన్నట్టు. ఇందులో తప్పేం లేదు, నిజానికి అదే న్యాయమైన తూకం. చెప్పకపోవడమే తప్పు.

ఆ రాత్రి తెల్లారాక నాకో అనుమానం మొదలైంది. రోగం ఇదే అయితే నీ హయాంలో మొదటి సర్వర్‌కి ఎందుకు ఇలా తలుపు మూసుకోలేదు? అక్కడ జావా ఎందుకు చచ్చింది?

సార్ రికార్డులు వెతికాను. సార్, మైనస్ ఎన్, సాక్. సాకెట్లు ఎన్నో ప్రతి పది నిమిషాలకీ భద్రంగా రాసిపెట్టింది. అవి ఎంత మెమరీ తింటున్నాయో మాత్రం అందులో నిలువే లేదు. పెళ్లికి ఎంతమంది వచ్చారో రాసుకుని బియ్యం ఎన్ని వండారో రాయనట్టు! ఆశ వదిలేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రాత్రి మెషీన్ మందకొడిగా ఉందని ఒంటిగంట దాటాక ఎప్పుడో నువ్వు సపోర్ట్ వాళ్లకి పంపడానికి ఎస్ఓఎస్ రిపోర్ట్ తీశావు. ఆ టార్ ఫైల్ టికెట్‌కి అంటించి ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు. నేను విప్పాను.

సాక్‌స్టాట్. టీసీపీ వరుస. మెమ్ 2871340.

నాలుగు వేల తొంభై ఆరుతో పెంచాను. పదకొండు జీబీకి పిడికెడు తక్కువ, 10.95. బిస్కెట్ అట్ట మీద కలవని పద్దు అణా పైసలతో కలిసింది బావా. ఆఫీసులో ఒక్కణ్నే ఉన్నాను, లేచి నిలబడ్డాను. నువ్వుంటే కౌగిలించుకునేవాణ్ని.

తర్వాత ఇంకో ఫైల్ తెరిచాను. అందుకే ఈ ఉత్తరంలో కౌగిలింత గురించి కొంచెం తక్కువ చేసి రాస్తున్నాను. ఎట్‌సీ, సిస్‌కంట్రోల్ డాట్ కాన్ఫ్. అందులో టీసీపీ ఆర్‌మెమ్‌కి గరిష్ఠం 16777216 అని ఉంది. బాగానే ఉంది, అది బైట్లలో, 16 ఎంబీ. దాని కింద వరుస టీసీపీ మెమ్. అక్కడా 16777216, మూడుసార్లు. ఆర్‌మెమ్ బైట్లలో, మెమ్ పేజీల్లో. పేర్లు కవలపిల్లల్లాంటివి, కొలతలు వేరు. 16777216 పేజీలంటే ఎంతో తెలుసా? 64 జీబీ. 32 జీబీ మెషీన్లో టీసీపీకి 64 జీబీ దగ్గర గీత! పైన ఒక కామెంట్: "ముట్టుకోవద్దు, పనిచేస్తోంది". దాని పక్కన నీ పొట్టి సంతకం.

తిట్టడానికి రాయడం లేదు. ఆ రోజుల్లో మనందరం ఎక్కడో చూసిన వరుసలు తెచ్చి అతికించినవాళ్లమే, నా సంతకంతో కూడా అలాంటివి ఉండే ఉంటాయి. కానీ చూడు, ఎంత చక్కగా అతుకుతుందో. రెండో సర్వర్లో గీత ఉంది, టీసీపీ 3 జీబీ దగ్గర తల కొట్టుకుని ఆగింది, ర్యామ్ ఖాళీగా ఉండిపోయింది. మొదటిదాంట్లో నువ్వు గీతని ఊరవతల గీశావు, ఒక్కో సాకెట్‌కి 16 ఎంబీ గది ఇచ్చావు. 700 సాకెట్లు నిండగానే 11 జీబీ. తలుపు మూసుకోలేదు, ర్యామ్ అయిపోయింది, ఊమ్ కిల్లర్ వచ్చింది. అది ప్రాసెస్‌ల బరువు చూస్తుంది గానీ సాకెట్లలో దాక్కున్న బరువు చూడదు. అయినా అసలు దొంగ దగ్గరికే వెళ్లింది, పొరపాటున. పంచనామాలో ఆ బరువుకి వరుసే లేదు: అనానిమస్ ఉంటుంది, స్లాబ్ ఉంటుంది, ఫ్రీ ఉంటుంది. ప్యాకెట్ల సరుకు కూర్చున్న పేజీలు వీటిలో దేని కిందికీ రావు. మెమ్‌ఇన్ఫోలోనూ అంతే. 2020లో అక్కడ సాక్ అని ఒక వరుస చేరుద్దామని ప్యాచ్ వచ్చింది, చేరలేదు. ఆ వరుస ఒక్కటి ఉండి ఉంటే మనం నాలుగింటిదాకా పాంట్రీలో కూర్చునేవాళ్లం కాదు. లెక్క కెర్నల్ దగ్గర ఉంది, పేజీ పేజీకీ ఉంది. మనకి చూపించే పద్ధతే లేదు.

మన పాత ఫైర్‌వాల్ ఫ్రీబీఎస్‌డీని నువ్వు ఎందుకంత ముద్దు చేసేవాడివో ఇప్పుడు అర్థమైంది. 1983 నాటి 4.2 బీఎస్‌డీ నుంచి వస్తున్న ఎంబఫ్‌లు, వాటి లెక్కకి నెట్‌స్టాట్ మైనస్ ఎమ్. ఒక్క వరుసలో వాడుకలో ఉన్నవి, సిద్ధంగా పెట్టుకున్నవి, మొత్తం, గరిష్ఠం. కింద ఇంకో వరుసలో ఎన్నిసార్లు అడిగితే లేదు పొమ్మన్నామో. ఎంబఫ్ 256 బైట్లు, క్లస్టర్ 2048, అదీ అందరికీ తెలుసు. గరిష్ఠం తగిలితే కన్సోల్ మీద ఏ మీట తిప్పాలో దాని పేరుతో సహా రాస్తుంది, కెర్న్ డాట్ ఐపీసీ డాట్ ఎన్‌ఎంబీక్లస్టర్స్ అని. ఊళ్లో పెద్దమనిషిలాగా: ఇంత ఉంది, ఇంతే పడుతుంది, ఇన్నిసార్లు కాదన్నాను, పోయి ఫలానావాణ్ని అడుగు. లైనక్స్‌ని తక్కువ చెయ్యడం లేదు, దాని దగ్గరా అన్నీ ఉన్నాయి. ఎన్‌స్టాట్‌లో టీసీపీ మెమరీ ప్రెషర్స్ అని ఎన్నిసార్లు రెండో గీత దాటిందో ఉంటుంది, ప్రూన్ కాల్డ్ ఉంటుంది, అబార్ట్ ఆన్ మెమరీ ఉంటుంది. 2016లో వచ్చిన 4.5 కెర్నల్ నుంచి సీగ్రూప్ రెండో వెర్షన్‌లో ఏ కంటైనర్ ఎంత సాకెట్ మెమరీ పట్టుకుందో మెమరీ స్టాట్‌లో సాక్ అనే వరుసలో చెబుతుంది, చక్కగా బైట్లలో. అన్నీ ఉన్నాయి, నాలుగు గదుల్లో నాలుగు డబ్బాల్లో, మూతల మీద పేర్లు లేకుండా.

ఇక అసలు సిగ్గుచేటు. మన ప్రొమీథియస్ నోడ్ ఎక్స్‌పోర్టర్ ఆ టీసీపీ మెమ్‌ని మొదటినుంచీ తెస్తూనే ఉంది, పేజీల్లోనూ, మళ్లీ బైట్లలోకి మార్చి కూడా. రెండేళ్ల డేటా పడి ఉంది. ఆ గ్రాఫ్ గీసి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. పక్కన గీత లేకపోతే ఆ గ్రాఫ్ గీసినా ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదనుకో.

మేడమ్ నన్నే రిపోర్ట్ తయారుచెయ్యమన్నారు, అన్ని టీముల అడ్మిన్లూ చూసేలా. రెండు వారాలు పట్టింది. తెర మీద పైన ఒకటే మాట: టీసీపీ సాకెట్ మెమరీ ఇన్ని జీబీ, హెచ్చరికలు 1.46, 1.95, 2.92. పేజీలన్న మాట ఎక్కడా లేదు, ఆ గుణకారం స్క్రిప్టే చేస్తుంది, మనిషి చెయ్యక్కర్లేదు. మూడు గీతలూ ఆ మెషీన్ టీసీపీ మెమ్ నుంచే చదివి టెక్స్ట్‌ఫైల్ ద్వారా పంపిస్తున్నాను, ఎవరైనా నీలాంటి మహానుభావుడు మారిస్తే గీత కూడా మారి, ర్యామ్ దాటి ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. దాని కింద ఎక్కువ పట్టుకున్న పది ప్రాసెస్‌ల పేర్లు, సంచితో తూకం. యూడీపీకి వేరే వరుస, దానికీ సొంత గీతలున్నాయి కాబట్టి. అనాథ సాకెట్లు కూడా, ఒక్కోటి 64 కేబీ దాకా తినగలదు, కానీ మనదగ్గర వాటి బాధ లేదు.

అన్నిటికన్నా కింద ఒక చిన్న వాక్యం రాశాను: నెట్‌వర్క్ కార్డు ముందే తీసి పెట్టుకున్న పేజీలు ఇందులో కలవలేదు. దీనిమీద మేడమ్‌కీ నాకూ చిన్న యుద్ధమే జరిగింది. "మీ రిపోర్ట్ పూర్తిది కాదని మీరే రాస్తే ఎవరు నమ్ముతారు?" అన్నారావిడ. లెక్క వేసి చూపించాను. కొత్త మెషీన్లలో కార్డుకి 64 క్యూలు, క్యూకి 4096 గదులు, గదికో 4 కేబీ పేజీ. ఒక జీబీ. ఒక్క ప్యాకెట్ రాకముందే ఒక జీబీ, సాక్‌స్టాట్‌లో లేదు, మెమ్‌ఇన్ఫోలో లేదు. రేపు ఇంకెవడో అట్ట మీద కూడుకుంటూ ఒక జీబీ తక్కువొచ్చి తెల్లారేదాకా కూర్చుంటాడు, వాడికోసం ఆ వాక్యం అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "ఫాంటు చిన్నది చెయ్యండి" అన్నారు. చేశాను. ఉంది.

కుర్రాడు మాత్రం ఇప్పటికీ, లిమిట్ పెంచేస్తే పోతుంది కదా సార్ అంటాడు. 53 దగ్గరున్న గీతని చెరిపి 90 దగ్గర గీస్తే మీ రామాలయం వీధిలోకి నీళ్లు రావా? గీత జోలికి పోలేదు. స్టోరేజ్ బిగుసుకుంటే ముప్పై సెకన్లలో కనెక్షన్ వదిలేసేలా డెవలపర్లే మార్చారు. వాళ్లకి క్షమాపణ కూడా చెప్పాను, మనిద్దరి తరఫునా. లీక్ కాదు అని వాళ్లు చెప్పింది నిజమేనని పాత టికెట్ మళ్లీ తెరిచి రాశాను. కారణం అన్నచోట నీ సంతకం గురించి రాయలేదులే, "పాత ట్యూనింగ్" అని ఊరుకున్నాను.

మీ నాన్నగారి కాలు సంగతి అడగడం మర్చిపోయాను, ఆ కట్టు విప్పారా? మిరపకి ఈసారి తెగులు ఎలా ఉంది? ఇక్కడి కుర్రాళ్లకి రిపోర్ట్ చదవడం నేర్పే క్లాసు ఒకటి పెట్టమన్నారు. గోదావరి కాస్త తగ్గాక ఘాట్ దగ్గరికెళ్లి, అంకెలూ గీతలూ రెండూ కనిపించేలా ఆ స్కేలు ఫోటో ఒకటి తీసి పంపు. మొదటి స్లైడ్ అదే పెడతాను. బురద ఉన్నా పర్లేదు, 43 కనిపించాలి.

ఆ బిస్కెట్ అట్ట నీ దగ్గరే ఉండిపోయిందేమో చూడు.

ఇట్లు,
నీ పాత పక్క కుర్చీవాడు